మేనరికం సంబంధం, 12వ వారం: ఎన్ఐపీటీ నార్మల్ వస్తే సరిపోతుందా?

ఓపీ_డెస్క్_మల్కాజిగిరి | సోమవారం, ఉదయం 9:10

గర్భిణుల ఓపీలో కూర్చునేవాళ్లందరికీ బాగా తెలిసిన సంగతే. అమ్మాయికి 12వ వారం. చేసుకున్నది మేనత్త కొడుకునో, సాక్షాత్తూ మేనమామనో. చీటీ మీద "మేనరికం, ఎన్ఐపీటీ చేయించాలి" అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఎన్ఐపీటీ అంటే తల్లి రక్తంతో బిడ్డ క్రోమోజోముల లెక్క చూసే పరీక్ష. నాలుగు రోజులు పోయాక "లో రిస్క్" అని రిపోర్టు వస్తుంది, ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. అసలు ఆ చీటీలో రాసిన కారణానికీ ఆ రిపోర్టుకీ పొంతన ఉందా? జెనెటిక్స్ వాళ్లు, స్కాన్ వాళ్లు, ల్యాబ్ వాళ్లు తలా కాస్త రాస్తే ఈ చర్చను పైన పిన్ చేస్తాను. సొంత గాథలు వద్దు, పనికొచ్చే వివరం రాయండి చాలు.

వంశవృక్షం_ఉప్పల్ | సోమవారం, ఉదయం 10:02

పొంతన లేదు. ఎన్ఐపీటీ చేసేది లెక్కపెట్టడం. తల్లి రక్తంలో మాయ నుంచి రాలిపడిన డీఎన్‌ఏ తునకలు తేలుతుంటాయి. వాటిలో 21, 18, 13 క్రోమోజోములవి ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉన్నాయేమో చూస్తుంది. ఆ ఎక్కువ రావడం చాలావరకు అండం విభజనలో జరిగే పొరపాటు. తల్లి వయసుతో పెరుగుతుంది, మేనరికంతో కాదు.

మేనరికంలో భయం వేరే. ఒకే తాత నుంచి దిగిన ఒకే లోపమున్న జన్యువు ఇద్దరి దగ్గరా ఉండొచ్చు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి, మేనమామ-మేనకోడలు అయితే నాలుగో వంతు. పుట్టే బిడ్డలో రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండే భాగం అందులో సగం: 16లో 1, 8లో 1. తలసీమియా (రక్తం సరిగ్గా తయారవని జబ్బు), ఎస్ఎంఏ (కండరాలు బలహీనపడే జబ్బు), ఒంట్లో రసాయన మార్పులు సరిగ్గా జరగని రకరకాల మెటబాలిక్ జబ్బులు, కొన్ని పుట్టు చెవుడులు ఈ దారినే వస్తాయి. వీటిలో క్రోమోజోముల లెక్క సరిగ్గానే ఉంటుంది, తప్పు ఒక జన్యువు లోపల ఎక్కడో ఉంటుంది. మామూలు ఎన్ఐపీటీ దాని జోలికే పోదు.

అలాగని బెదరగొట్టాల్సిన పనీ లేదు. ఏ దంపతులకైనా నూటికి 2, 3 మంది పిల్లల్లో చెప్పుకోదగ్గ లోపం ఉండే అవకాశం ఉంది. మేనత్త, మేనమామ పిల్లలు చేసుకుంటే దానికి ఇంకో 2, 3 కలుస్తుంది. మేనమామ అయితే ఇంకాస్త ఎక్కువ. ఈ అంకె చెప్పకుండా "దగ్గరి సంబంధం, ప్రమాదం" అని మాత్రం అంటే ఆ పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

చీటీ మీద ఎన్ఐపీటీ కన్నా ముందు రాయాల్సింది మూడు తరాల వంశవృక్షం. దానికి పట్టేది అరగంట, కావలసింది తెల్లకాగితం. దాన్ని రాయడమూ ఒక విద్యే. "మీ ఇంట్లో జన్యు జబ్బులున్నాయా" అంటే అందరూ లేవనే అంటారు. పుట్టిన నెలలోపు పోయిన పిల్లలున్నారా, ఫిట్స్ వచ్చినవాళ్లున్నారా, మెడ నిలపని, నడక రాని, మాట రాని పిల్లలున్నారా, కడుపు నిలవక ఎన్నిసార్లు పోయింది అని విడివిడిగా అడగాలి. అత్తగారిని ఒకసారి, తల్లిని ఒకసారి. "బాలారిష్టం", "దిష్టి తగిలి పోయాడు" అన్న మాటల వెనక ఏ మెటబాలిక్ జబ్బో దాగి ఉండొచ్చు. మూడో రోజు పాలు మానేసి, ఐదో రోజు స్పృహ తప్పి, ఎనిమిదో రోజు పోయిన బిడ్డ అని ఎవరైనా చెబితే అక్కడ కలం ఆపి తేదీలతో సహా రాసుకోండి.

ఓపీ_డెస్క్_మల్కాజిగిరి | సోమవారం, ఉదయం 10:20

అలాంటి బిడ్డ ఉన్నాడనుకుందాం. 12వ వారంలో ఏం చేయగలం?

వంశవృక్షం_ఉప్పల్ | సోమవారం, ఉదయం 10:47

ఆ బిడ్డ డీఎన్‌ఏ ఎక్కడైనా దాచి ఉంటే పరీక్ష అక్కడ మొదలవ్వాలి. పాత ఆస్పత్రిలో ఆరబెట్టిన రక్తపు చుక్కల కార్డో, ఏ ల్యాబ్‌లోనో మిగిలిన నమూనానో అడిగి చూడండి. ఏమీ దొరకకపోతే భార్యాభర్తలిద్దరి రక్తంతో ఎక్సోమ్ (జన్యువుల్లో ప్రొటీన్ తయారుచేసే భాగాలన్నీ చదివే పరీక్ష) చేసి, ఒకే జన్యువులో ఇద్దరికీ లోపం ఉందేమో వెతుకుతారు. చెరి 3 ఎంఎల్ రక్తం, ఊదా మూత ట్యూబులో.

చిక్కంతా వారాలతోనే. ఎక్సోమ్ రిపోర్టుకు మామూలుగా నాలుగైదు వారాలు పడుతుంది. 12లో పంపితే 16, 17 అవుతుంది. అప్పుడు ఉమ్మనీరు తీసి, ఆ ఒక్క మార్పు బిడ్డలో ఉందా అని చూడటానికి ఇంకో వారం, పది రోజులు. నమూనా ఒక్కసారి పాడైతే 20 దాటిపోతుంది. అందుకే ఈ సలహా అందాల్సింది పెళ్లి చూపుల తర్వాతో, కడుపు నిలవకముందో. పోయిన బిడ్డ విషయంలోనైతే ఆ బిడ్డ ఐసీయూలో ఉన్నప్పుడే 2 ఎంఎల్ రక్తం తీసి దాచాలి. ఆ సమయంలో నోరు తెరిచి అడగడం కష్టమే, అయినా అడగాలి.

హైదరాబాద్‌లో ఉండటం ఈ విషయంలో మన అదృష్టం. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది, బేగంపేటలో ఉస్మానియా వర్సిటీ వాళ్ల జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వెళ్లేటప్పుడు భర్త తప్పనిసరి. పాత కాన్పుల కాగితాలు, పోయిన బిడ్డ డిశ్చార్జి సమ్మరీ, ఫొటో ఉంటే ఫొటో కూడా పట్టుకెళ్లాలి. ముఖం పోలికలు చూసి జబ్బు పేరు పట్టే సందర్భాలు తక్కువేం కాదు.

స్కాన్_గది | సోమవారం, మధ్యాహ్నం 1:35

మేనరికం సంగతి తేలింది కాబట్టి మామూలు వరస చెప్తాను. ఎన్‌టీ స్కాన్‌కి (బిడ్డ మెడ వెనక నీరు నిండిన సందు కొలిచేది) వారాల కన్నా బిడ్డ పొడవు నమ్మకం. తల నుంచి పిరుదుల దాకా, అంటే సీఆర్ఎల్, 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. సుమారు 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల దాకా. 43 ఉంటే వారం ఆగి రమ్మనాలి, 86 ఉంటే ఆ కొలత లెక్కలోకి రాదు.

మెడ వెనక ఆ నల్లటి సందు కొలవడంలో మిల్లీమీటరులో పదో వంతు కూడా లెక్కే. లండన్ ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ వాళ్ల పద్ధతిలో తల, ఛాతీ పైభాగం మాత్రమే తెర నిండా రావాలి. బిడ్డ అచ్చంగా పక్కకు తిరిగి, ముక్కు కొస, అంగిలి కనబడాలి. మెడ తిన్నగా ఉండాలి. వెనక్కి వంచితే కొలత 0.6 మి.మీ. దాకా పెరుగుతుంది, ముందుకు వంచితే 0.4 దాకా తగ్గుతుంది. బిడ్డ పడుకున్న చోట ఉమ్మనీటి సంచి పొర మెడ చర్మంలాగే తెల్లగీతలా కనిపిస్తుంది. ఆ పొరకీ మెడకీ మధ్య కొలిచేసి 4 మి.మీ. అని రాసిన స్కాన్లు వస్తుంటాయి. బిడ్డ కదిలేదాకా ఆగాలి, కదలకపోతే తల్లిని దగ్గమనాలి, లేచి నాలుగడుగులు నడిచి రమ్మనాలి. మెడకు బొడ్డుతాడు చుట్టుకుని ఉంటే తాడుకు పైన ఒకటి, కింద ఒకటి కొలిచి సగటు తీసుకోవాలి. లేనప్పుడు మూడుసార్లు కొలిచి సరైన వాటిలో పెద్దది రాయాలి.

3.5 దాటితే ఏ పొడవులోనైనా ఎక్కువ కిందే లెక్క. అప్పుడు డబుల్ మార్కర్ (తల్లి రక్త పరీక్ష) కోసం ఆగడం అనవసరం, నేరుగా జెనెటిక్స్ సలహాకు పంపాలి. క్రోమోజోములు బాగున్నా పని అయిపోదు: మైక్రోఅర్రే (క్రోమోజోముల్లో చిన్న తునకల తేడాలు చూసేది), తర్వాత గుండె స్కాన్, టిఫా (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) జాగ్రత్తగా.

బెంచి_మీద_పిపెట్ | సోమవారం, సాయంత్రం 6:15

ల్యాబ్ దిక్కునుంచి నేను చెప్త. డబుల్ మార్కర్ల కొలిచేది మాయ నుంచి తల్లి రక్తంలకు వచ్చేటివి రెండే: ఫ్రీ బీటా హెచ్‌సీజీ, పాప్-ఏ. డౌన్ సిండ్రోమ్ల (21వ క్రోమోజోము ఒకటి ఎక్కువుండుడు) మొదటిది మామూలుకన్న రెండింతల దాకా పెరుగుతది, రెండోది సగానికి పడిపోతది. 18వ క్రోమోజోము తేడాల రెండూ తగ్గుతయ్. ఒట్టి అంకె చూస్తే ఏం అర్థం కాదు, అందుకే అదే వారం, అదే బరువు ఉన్న ఆడవాళ్ల నడిమి అంకెతోని భాగిస్తం. రిపోర్టుల "మామ్" అని ఉండేది గదే, మామూలు అంటే 1 దగ్గర.

ఇగ తప్పులెక్కడ అయితయ్ అంటే, మిషన్ల కాదు, ఫారంల. పాప్-ఏ ప్రతి రోజూ జోరుగ పెరుగుతది, బీటా హెచ్‌సీజీ 10 వారాల తర్వాత తగ్గుకుంట పోతది. నెలసరి తేదీ తప్పు రాసి అసలు 11 వారాలున్నామెను 12 అని ఎక్కించిన్రనుకో, పాప్-ఏ తక్కువ లెక్క, బీటా ఎక్కువ లెక్క. అచ్చం డౌన్ లెక్కనే కనబడుతది! పిల్ల బంగారంలెక్క ఉంటది, రిపోర్టు 1:60 (60 మందిల ఒకరికి డౌన్) అని వస్తది. అందుకే వారాలు నెలసరి నుంచి కాదు, సీఆర్ఎల్ నుంచి తీసుకోవాలె. సీఆర్ఎల్ మి.మీ.లల్ల రాయాలె, సెం.మీ. రాసి పంపుతరు, 5.8 అని.

బరువు రాయకుంటే సాఫ్ట్‌వేర్ ఏదో ఒక బరువు అనుకుంటది. 92 కిలోలున్నామెకు 60 అనుకుంటే రెండు మార్కర్లూ తక్కువ వస్తయ్. ఐవీఎఫ్ అని టిక్ పెట్టకుంటే పాప్-ఏ తప్పుతది. షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకుంటున్నరా, పొగ తాగుతరా, కవలలా, గీ గడులన్నీ నింపాలె.

ఇంకోటి, మే నెలల మా దగ్గర కనబడే రోగం. పొద్దున తొమ్మిదికి కలెక్షన్ సెంటర్ల రక్తం తీస్తరు, సీరం వేరుచేయకుండ బండి డబ్బాల వేసుకొని ఎండల తిప్పి మూడింటికి తెస్తరు. ఎండవేడికి హెచ్‌సీజీ అణువు విరిగి ఫ్రీ బీటా ఎక్కువ అయితది. ఆ పెరుగుదల తల్లిది కాదు, పిల్లది కాదు, బండి డబ్బాది. తీసినంక గడ్డకట్టనిచ్చి, స్పిన్ చేసి, సీరం చల్లగ పెట్టి పంపాలె. రిపోర్టుల పాప్-ఏ మామూలుగుండి ఫ్రీ బీటా ఒక్కటే 3 మామ్ దాటితే శాంపిల్ ఎట్లొచ్చిందో ముందు అడుగుండ్రి.

కొత్త_సభ్యురాలు_కూకట్‌పల్లి | సోమవారం, రాత్రి 9:40

ఇన్ని తప్పులకు అవకాశం ఉన్నప్పుడు డబుల్ మార్కర్, ఎన్‌టీ రెండూ వదిలేసి నేరుగా ఎన్ఐపీటీకి వెళ్తే పోదా?

స్కాన్_గది | మంగళవారం, ఉదయం 8:05

డబుల్ మార్కర్ వదిలేయొచ్చేమో గానీ స్కాన్ వదలకూడదండీ. తల పైఎముక ఏర్పడని బిడ్డ, మూత్రాశయం ఉబ్బిపోయిన బిడ్డ, బొడ్డు దగ్గర పొట్టగోడ తెరుచుకున్న బిడ్డ 12వ వారంలోనే కనబడతారు, వాళ్లలో చాలామందికి ఎన్ఐపీటీ శుభ్రంగా నార్మల్ వస్తుంది. కవలలైతే మాయ ఒకటా రెండా అన్నది తేల్చడానికి కూడా ఇదే మంచి సమయం. 20వ వారంలో కవలల మధ్య పొర గీత కనిపెట్టడం తలనొప్పి.

స్కాన్, మార్కర్లు, వయసు మూడూ కలిపితే 100 డౌన్ కేసుల్లో 90 దాకా దొరుకుతాయి, మామూలు గర్భాల్లో నూటికి 5 అనవసరంగా "హై రిస్క్"లో పడతాయి. ఒట్టి డబుల్ మార్కర్ అయితే అందులో చాలా తక్కువ. ఎన్‌టీ గడి ఖాళీగా పెట్టి రిస్క్ వేసిన రిపోర్టు పట్టుకుని కంగారుపడేవాళ్లు, ముందు ఆ గడి చూసుకోండి.

వంశవృక్షం_ఉప్పల్ | మంగళవారం, ఉదయం 9:30

1:180 అన్న అంకెకు అర్థం చెప్పకుండా ఎవరినీ పంపకండి. అచ్చం ఇలాంటి రిపోర్టే వచ్చిన 180 మంది తల్లుల్ని ఒక హాల్లో కూర్చోబెడితే ఒకరి బిడ్డకు డౌన్ ఉంటుంది, 179 మందికి ఉండదు. మన దగ్గర ఎక్కువమంది 1:250 కన్నా దగ్గరైతే హై రిస్క్ అంటారు, 250కీ 1000కీ మధ్య ఉంటే మధ్యస్థం, అక్కడే ఎన్ఐపీటీ బాగా అక్కరకొస్తుంది. 1:20 లాంటిది వస్తేనో, స్కాన్‌లో ఏదైనా లోపం కనబడితేనో ఎన్ఐపీటీ మీద పది రోజులు ఖర్చుపెట్టకండి, సూది పరీక్ష (మాయ ముక్కో ఉమ్మనీరో తీసి చూసేది) గురించే మాట్లాడండి.

ఎన్ఐపీటీ "హై రిస్క్" వచ్చినా అదీ తుది తీర్పు కాదు. 12వ వారంలో డౌన్ అవకాశం 25 ఏళ్ల తల్లికి సుమారు 950లో 1, 40 ఏళ్ల తల్లికి 70లో 1. పరీక్ష వెయ్యిమందిలో ఒకరికి తప్పుగా మోగుతుందనుకుని లెక్కేయండి. 10,000 మంది పాతికేళ్లవాళ్లలో నిజమైనవి 10, తప్పుగా మోగినవి 10. అంటే సగం సగం. 40 ఏళ్లవాళ్లలో నిజమైనవి 140, తప్పు 10. ఒకే ల్యాబ్, ఒకే రిపోర్టు, ఇద్దరికీ చెప్పాల్సిన మాట వేరు. మాయలో మాత్రమే తేడా ఉండి బిడ్డ బాగుండటం, మొదట్లో కరిగిపోయిన కవల తాలూకు డీఎన్‌ఏ మిగలడం, ఒక్కోసారి తల్లిలోనే తేడా ఉండటం: తప్పుగా మోగడానికి కారణాలివి. ఎన్ఐపీటీ ఒక్కదాని మీద ఆధారపడి గర్భం తీసేయడం ఘోరం.

ఐవీఎఫ్ వాళ్లకు ఒక మాట. ఫారంలో వయసు అంటే అండం వయసు. దాత అండమైతే దాత వయసు రాయాలి, ఫ్రీజ్ చేసిన పిండమైతే అండం తీసిననాటి వయసు.

బెంచి_మీద_పిపెట్ | మంగళవారం, మధ్యాహ్నం 12:50

ఎన్ఐపీటీ ట్యూబు వేరే ఉంటది, లోపల తెల్లకణాలు పగలకుండ మందు ఉంటది. తీసినంక మెల్లగ 8-10 సార్లు తలకిందులు చేయాలె, ఊపొద్దు. ఫ్రిజ్ల పెట్టొద్దు! సీరం శాంపిల్ అలవాటుల దీన్ని గూడ ఐసు డబ్బాల వేస్తరు. కణాలు పగిలినయంటే తల్లి డీఎన్‌ఏ వచ్చి కలుస్తది, పిల్లది పలుచన అయితది. 10 వారాలు నిండకముందు తీయొద్దు. పిల్ల డీఎన్‌ఏ వాటా సగటున 10 శాతం, 4 లోపుంటే చాలా ల్యాబులు రిపోర్టియ్యవు. బరువెక్కువున్నోళ్లకు ఇట్ల ఎక్కువ అయితది.

వంశవృక్షం_ఉప్పల్ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

"రిపోర్టు రాలేదు, మళ్లీ రక్తం ఇవ్వండి" అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకండి. 13, 18 క్రోమోజోముల తేడాల్లో, ట్రిప్లాయిడీలో (క్రోమోజోములు రెండు సెట్లకు బదులు మూడు ఉండటం) మాయ చిన్నగా ఉండి వాటా తగ్గుతుంది. తల్లి బరువు మామూలుగా ఉండి రిపోర్టు రాకపోతే స్కాన్ మళ్లీ శ్రద్ధగా చూడాలి.

ఉమ్మనీరు_22జీ | మంగళవారం, రాత్రి 8:25

సూది పరీక్షల మీద భయం పాత అంకెల వల్ల. నూటికి ఒకటి గర్భం పోతుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. చేయి తిరిగినవాళ్ల దగ్గర పరీక్ష వల్ల అదనంగా పోయేవి వెయ్యికి 1 నుంచి 3.

11 నుంచి 14 వారాల మధ్య అయితే మాయ ముక్క తీస్తాం, సీవీఎస్. 16 నిండితే ఉమ్మనీరు. 15 లోపు ఉమ్మనీరు తీయకూడదు, పాదాలు వంకర తిరగడం, నీరు కారడం ఎక్కువ. 20 లేదా 22 గేజి సూది, అడుగడుగునా స్కాన్‌లో చూస్తూ 15-20 ఎంఎల్. మొదటి 1-2 ఎంఎల్ విడిగా పారేయాలి, సూది దారిలో తగులుకున్న తల్లి కణాలు అందులోనే వస్తాయి. జన్యు మార్పు కోసం పంపేటప్పుడు తల్లి రక్తం కూడా జత చేయాలి, తల్లి డీఎన్‌ఏ కలిసిందో లేదో పోల్చి చూడటానికి. తలసీమియా కేసులో ఇది మరిస్తే ఏమవుతుందో ఊహించండి: తల్లి క్యారియర్ (తనకు జబ్బు లేకున్నా లోపమున్న జన్యువు మోసేది), కలిసిన నమూనాలో ఆమె మార్పే కనబడుతుంది, బిడ్డది అని రాసేస్తారు.

ఎన్ఐపీటీ హై రిస్క్ వచ్చి స్కాన్ పూర్తిగా బాగుంటే నేను సీవీఎస్ కన్నా 16 దాకా ఆగి ఉమ్మనీరే తీయమంటాను. ఎన్ఐపీటీ చూసిందీ మాయనే, సీవీఎస్ చూసేదీ మాయనే. ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచినట్టు. ఒకే జన్యువు జబ్బుకైతే మాత్రం సీవీఎస్ మేలు, నాలుగు వారాలు కలిసొస్తాయి.

తల్లి గ్రూపు నెగెటివ్ అయి భర్తది పాజిటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అదే రోజు. ముందే గ్రూపు, ఐసీటీ (తల్లి రక్తంలో యాంటీబాడీలున్నాయా అని చూసే పరీక్ష) చూసుకోండి, ఫ్రిజ్‌లో ఇంజెక్షన్ ఉందో లేదో కూడా. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు బరువులెత్తకుండా ఉంటే చాలు, నెలంతా మంచం దిగొద్దని ఎవరూ చెప్పక్కర్లేదు. నీరు కారినా, ఎర్రగా కనబడినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి.

క్యూఎఫ్-పీసీఆర్ (ముఖ్యమైన కొన్ని క్రోమోజోముల లెక్క త్వరగా చూసేది) రిపోర్టు మూడు, నాలుగు రోజులు. కార్యోటైప్‌కు (క్రోమోజోములన్నీ చూసేది) రెండు, మూడు వారాలు, కణాలు పెరగాలి కదా.

చట్టం_కాగితం | బుధవారం, ఉదయం 10:15

కాగితాల సంగతి. 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులోని బిడ్డ ఆడా మగా చెప్పడాన్ని నిషేధించేది) కింద సలహా కేంద్రం, ల్యాబ్, క్లినిక్ మూడింటికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. స్కాన్‌కు ఫారం-ఎఫ్, సూది పరీక్షకు తల్లికి అర్థమయ్యే భాషలో ఫారం-జీ (సమ్మతి పత్రం), ఒక ప్రతి ఆమెకే ఇవ్వాలి. ఇంగ్లిషు ఫారం మీద సంతకం పెట్టించుకుని తెలుగులో రెండు ముక్కలు చెప్పడం సమ్మతి కాదు. ఆడా మగా చెప్పమని అడిగిన కుటుంబసభ్యులకు కూడా మొదటి నేరానికి మూడేళ్ల దాకా జైలు, 50,000 దాకా జరిమానా.

గర్భస్రావ చట్టానికి (ఎంటీపీ) 2021లో చేసిన సవరణ తర్వాత గర్భం తీయడానికి 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20-24 మధ్య ఇద్దరు, అదీ నిబంధనల్లో చెప్పిన వర్గాలకే. బిడ్డలో తీవ్ర లోపం అందులో ఉంది. 24 దాటాక తీవ్ర లోపమని మెడికల్ బోర్డు తేల్చాలి. వద్దనుకునే హక్కు లాగే ఉంచుకునే హక్కూ ఆమెదే, సలహా గదిలో ఆ రెండో మాట వినబడటం తక్కువ.

ఓపీ_డెస్క్_మల్కాజిగిరి | బుధవారం, ఉదయం 11:00

ఇంకొక్కటి. తలసీమియాకు హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూసే పరీక్ష) పంపితే సగం మందికి "ఐరన్ లోపం సరిచేసి మళ్లీ చేయండి" అని వస్తోంది. అప్పటికే 12 వారాలు. ఐరన్ ఇచ్చి మూడు నెలలు ఎలా ఆగాలి?

బెంచి_మీద_పిపెట్ | బుధవారం, మధ్యాహ్నం 2:30

ఆగొద్దు. ఎంసీవీ (ఎర్రకణం సైజు) 80 లోపు, ఎంసీహెచ్ (ఒక్కో కణంల హిమోగ్లోబిన్) 27 లోపు ఉంటే అనుమానం మొదలు. హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్ల ఒక రకం) 3.5 శాతం దాటితే బీటా తలసీమియా క్యారియర్ అంటం. ఐరన్ బాగ తక్కువున్నప్పుడు ఏ2 కొంచెం కిందికి దిగుతది, అందుకే 3.2, 3.4 అని మధ్యల వేలాడుతది. ఆమెకు ఐరన్ మొదలుపెట్టుండ్రి, కానీ అదే రోజు భర్తది పంపుండ్రి. భర్త సీబీసీ, హెచ్‌పీఎల్‌సీ రెండూ మామూలుగుండి, సికిల్, డీ, ఈ అనే తేడా హిమోగ్లోబిన్లు ఏవీ లేకుంటే పిల్లకు తలసీమియా మేజర్ భయం దాదాపు లేనట్టే, ఆమె రిపోర్టు నిమ్మళంగ చూసుకోవచ్చు. భర్తది తేడా వస్తే ఇద్దరికీ జన్యు పరీక్ష, ఐరన్ కోసం చూడకుండ. మార్పు పేరు తెల్వకుండ సీవీఎస్ చేసి లాభం లేదు. మన దేశంల ఎక్కువ కనబడేది ఐవీఎస్ 1-5 అనే మార్పు, ముందు దాన్నే వెతుకుతరు.

మూడు నెలల లోపల రక్తం ఎక్కించుకున్నోళ్ల హెచ్‌పీఎల్‌సీ నమ్మొద్దు, అండ్ల దాత రక్తం గూడ ఉంటది. ఫారంల ఆ తేదీ రాయుండ్రి.

"ఆయన డ్యూటీల ఉన్నడు, వచ్చే నెల వస్తడు" అంటరు. పరగడుపు అవసరం లేదు, ఏ పూటైనా ఇయ్యొచ్చు, 2 ఎంఎల్. ఆఫీసు దగ్గరున్న సెంటర్ల ఇచ్చి పొమ్మనుండ్రి, ఈ వారమే.